చేతిరుచియు చదువురుచియు

ముప్పది నలువది యేండ్ల క్రిందట మా నరసాపురమున, సంతలో దొరకని తినుబండారము లోకమున ఉండునని మేము తలచెడివారము కాము. రాగులు, అనపకాయలు, చింతపండు, మిరపకాయలు, పండుగనాడు బెల్లము – ఇంతటితో మా భోజనశాస్త్రము సమాప్తము. నేడో, ఊరి ప్రక్కనే పారిశ్రామికవాడ వెలసినది. 2013లో హోండావారి మోటారుసైకిళ్ళ కర్మాగారము పని మొదలుపెట్టిన పిమ్మట నానా రాష్ట్రముల యువకులును ఇచటికి వచ్చి చేరిరి. పెద్దదారి ప్రక్క అంగళ్ళలో మురుకుల పొట్లముల సరసనే ‘కొరియా రుచి’ అని ముద్రించిన ఎఱ్ఱని నూడిల్సు పొట్లములు వ్రేలాడుచున్నవి. బడిపిల్లలు వానిని కొని కన్నీరు కార్చుచు ఇష్టముగా తినుచున్నారు.

మా మనుమరాలు బెంగుళూరులోని ఒక పాకకళాశాలలో చదువుచున్నది. మూడవ సంవత్సరమున ఏదో ఒక దేశపు వంటను ప్రత్యేకముగా అభ్యసింపవలెనట. ఆమె కొరియా వంటను ఎన్నుకొన్నది. ఈ వార్త తెలిసినది మొదలు బంధువుల ఫోనులకు మాకు తెరపి లేకపోయెను. ‘ఆడపిల్లకు వంట నేర్చుకొనుటకు కళాశాల యేల?’ అని కొందరు. ‘నేర్చినను, అక్కడివారు తినునవి మనము ముట్టదగినవేనా?’ అని కొందరు. నిజము చెప్పవలెనన్న ఆ రెండు ప్రశ్నలును మా మనస్సులోనివే. పరులు అడిగినందున మాత్రము మాకు కోపము వచ్చినది.

వేసవి సెలవులకు వచ్చిన మనుమరాలు మాతో వాదింపలేదు. ‘తాతా, మొదట ఇది చూడు, తరువాత తిట్టుదువు’ అని ఒక కొరియా నాటకమును మా ముందు పెట్టినది. దాని పేరు ‘దే జాంగ్ గుమ్’. 2003 సెప్టెంబరు మొదలు 2004 మార్చి వరకు ఆ దేశపు టెలివిజనులో వచ్చి, పిమ్మట ఆసియాఖండమంతటను ప్రసిద్ధికెక్కినది. మాది మెట్రిక్ చదువు. తెర అడుగున వచ్చు ఇంగ్లీషు అక్షరములు మేము కూడబలుకుకొనులోపల బొమ్మ మారిపోవును. ఆమె ప్రక్కన కూర్చుండి తెలుగున చెప్పుచుండగా ఏబదినాలుగు భాగములును నెలన్నరలో చూచి ముగించితిమి. ఆ నాటకమునుగూర్చియు, అది చూపిన విద్యనుగూర్చియు, మా పిల్ల చదువుచున్న చదువునుగూర్చియు మాకు తోచిన నాలుగు మాటలు ఇచట వ్రాయుచున్నాము. మేము పండితులము కాము. ముప్పదినాలుగేండ్లు గుమాస్తాగా పద్దులు వ్రాసినవారము. పద్దును చూచిన కంటితోనే నాటకమును చూచితిమి.

ముందుగా ఒక మాట. కొరియా మనకు అనుకొన్నంత దూరము కాదు. మా ఊరి మీదుగా చెన్నపట్నము పోవు త్రోవనే పట్టుకొని పోయినచో, పట్నమునకు ముందు శ్రీపెరుంబుదూరు కడ 1998 నుండి కార్లు చేయుచున్న హ్యుందాయివారు కొరియావారే. ఉత్తరముగా పెనుగొండకు పోయినచో, 1565 తరువాత విజయనగరపు రాయలకు రాజధాని అయిన ఆ ఊరి చెంత, ఎఱ్ఱమంచి యొద్ద, కియావారు 2017లో ఒప్పందము చేసికొని 2019లో కార్లు బయటికి తెచ్చిరి. వారి ఇంజనీర్లతోపాటు వారి భోజనశాలలును వచ్చినవి. రాయలసీమ తెలుగుపిల్లలు ఆ వంటశాలలలో పళ్ళెములు మోయుచున్నారు, కూరలు తరుగుచున్నారు. కావున మా మనుమరాలి యెన్నికలో వింతకంటె లెక్కయే హెచ్చుగా ఉన్నది. ‘వారు అమ్మను అమ్మవంటి మాటతోనే పిలుతురు, తండ్రిని అప్పా అందురు, మన రాజకుమారి యొకతె పూర్వము ఓడనెక్కి పోయి అక్కడి రాజును పెండ్లాడినదట, కావున వారు మనవారే’ అని సభలలో చెప్పువారు కలరు. పిల్లలు తొలుత పలుకు మాటలు అనేకదేశములలో ఒక్కతీరుగనే ఉండును. ఆ రాజకుమారి కథ ఆ సంఘటనకు పండ్రెండువందల యేండ్ల పిమ్మట సంకలితమైన గ్రంథములోనిది. ఇట్టి చుట్టరికములు కలుపుకొననిదే ఇతరుల వంటను గౌరవింపలేమా?

ఇక నాటకము. పదునారవ శతాబ్దిలో కొరియాను ఏలిన జుంగ్ జోంగ్ రాజు కాలపు కథ ఇది. జాంగ్ గుమ్ అను అనాథబాలిక రాజుగారి వంటశాలలో చేరి, పైయధికారిణులవద్ద పాకవిద్య నేర్చి, కుట్రలకు లోనై వెడలగొట్టబడి, వైద్యము నేర్చి తిరిగి వచ్చి రాజవైద్యురాలగును. మొదటి సగము పాకము, రెండవ సగము వైద్యము. మొదటి సగమే శ్రేష్ఠమని మా అభిప్రాయము. రెండవ సగమున దుష్టులు మఱింత దుష్టులగుదురు, సజ్జనులు మఱింత ఏడ్తురు. పందెముపై పందెము, నేరముపై నేరము మోపుచు కథను సాగదీసిరి. మన సినిమాలు చూచి పెరిగినవారికి ఇందు నేర్చుకొనదగినది తక్కువ.

కాని మొదటి సగమున ఒక ఘట్టము కలదు. దానికొఱకు ఏబదినాలుగు భాగములును క్షమింపవచ్చును. హాన్ అను అధికారిణి క్రొత్తగా వచ్చిన బాలికను త్రాగుటకు నీరు తెమ్మనును. బాలిక తెచ్చును, ఆమె త్రాగదు, మరల తెమ్మనును. చల్లనినీరు, వెచ్చనినీరు, ఆకు వేసిన నీరు – ఏది తెచ్చినను మరల తెమ్మనియే. దినములు గడచినపిమ్మట బాలికకు తల్లి చేసిన పని జ్ఞప్తికి వచ్చును. అప్పుడు నీటికి పోక, ముందుగా ప్రశ్నించును: కడుపులో నొప్పి యున్నదా, విరేచనమైనదా, గొంతు నొచ్చుచున్నదా అని. జవాబులు విని, వెచ్చని నీటిలో కొంచెము ఉప్పు వేసి తెచ్చి, మెల్లగా త్రాగుమని చెప్పును. పాత్రలో పోసినంతనే నీరును ఆహారమే యనియు, తినువాని దేహమును విచారించుటయే వంటకు మొదటి పని యనియు గురువు బోధించును.

ఈ ఘట్టమును చూచినప్పుడు మాకు ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తుడు తలపునకు వచ్చెను. వానకాలమున అతిథులకు వేడి అన్నము, పప్పు, కూరలు, వడియములు, వరుగులు, పెరుగు. వేసవిలో నులివెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసము, లేతకొబ్బరినీరు. చలికాలమున మిరియపుపొడి చల్లిన వేడికూరలు, ముక్కునకెక్కు ఆవపచ్చళ్ళు, కాగిన నేయి – ఇట్లు ఋతువు నెఱిగి పెట్టినట్లు కృష్ణదేవరాయలు వర్ణించెను. రాయలు ఏలినది 1509 నుండి 1529 వరకు. జుంగ్ జోంగ్ రాజు ఏలినది 1506 నుండి 1544 వరకు. ఇద్దరును సమకాలికులు! ఇచట రాయలు పద్యములు వ్రాయుచుండగా అచట ఆ రాజునకు భోజనము వడ్డించుచుండిరి. మఱియొక విశేషము: ఆ ఇద్దరి వంటశాలలలోను మనము నేడెఱిగిన ఎండుమిరపకాయ లేదు. రాయల కూరలకు కారము మిరియాలది, ఘాటు ఆవాలది. కొరియా గ్రంథములలో మిరపకాయ ప్రస్తావన మొదట కనిపించునది 1614లో. అది కిమ్చిలో స్థిరపడునప్పటికి ఇంకను నూఱేండ్లకుపైగా పట్టినది. గుంటూరు మిరపలేని ఆంధ్రభోజనము, ఎఱ్ఱదనములేని కిమ్చి – రెండును నేటివారికి అపచారముగా తోచును గాని, మన రెండు ‘సనాతన’ రుచులును సముద్రము దాటి వచ్చిన అతిథులే. ‘ఇది మన వంట కాదు’ అని పిల్లలను గద్దించునప్పుడు పెద్దలు ఈ సంగతిని మఱవరాదు.

నాటకకర్తలు చరిత్రతో తీసికొన్న స్వేచ్ఛనుగూర్చి కూడ చెప్పవలసియున్నది. ఆ రాజుల వృత్తాంతములలో జాంగ్ గుమ్ పేరు కొలదిచోట్ల కలదు. అంతటను ఆమె వైద్యురాలే. వంట యంతయు నాటకకర్తల కల్పన. రాజుగారి వంటశాలలో పొయ్యిముందు నిలిచినవారిలో పురుషులు అధికముగా నుండిరని చరిత్రకారులు చెప్పుదురు. నాటకమున ఆ పురుషుడు ఒక హాస్యపాత్రగా మిగిలెను. కల్పనకు మేము అడ్డు చెప్పము. మా ఆక్షేపణ వేఱొకటి. ఒకచోట పెద్దయధికారిణి ఒక మాంసపువంటకమును రుచిచూపి అందులో తీపి దేనివలన వచ్చినదని పిల్లల నడుగును. అందఱును చక్కెర యనగా జాంగ్ గుమ్ ఒక్కతె పండిన పెర్సిమను పండు అనును. ఎట్లు తెలిసినదన్నచో, నాలుకకు అట్లే తోచినదనును. చూచువారు చప్పట్లు కొట్టుదురు. ఇక్కడనే నాటకము తన మాటను తానే కాదన్నది. నీటిఘట్టమున వంట అభ్యాసమువలన అబ్బును. పండుఘట్టమున అది పుట్టుకతో వచ్చిన వరము. వరమే యైనచో గురువెందుకు, బడి యెందుకు? తరువాత జాంగ్ గుమ్ నాలుక రుచి కోలుపోయి, జ్ఞాపకముతోనే వంట చేయుట నేర్చు భాగము కలదు. అక్కడ మరల అభ్యాసమే గెలిచినది. మా మనస్సు ఊరట చెందినది.

కొరియావారు చేతిరుచిని ‘సోన్ మత్’ అందురు. మనము ‘ఆమె చేతిలో ఏదో ఉన్నది’ అందుము. ఈ మాట పొగడ్తగా వినబడును. కాని మేము బాగుగా ఆలోచించితిమి: ఈ పొగడ్త ఒక తప్పించుకొను త్రోవ. చేతిలో ఏదో ఉన్నదన్నచో ఆ ఏదో యేమని అడుగ నక్కఱలేదు. వ్రాసికొన నక్కఱలేదు. ఆ చేయి పోయిననాడు దుఃఖించుట యొక్కటే మిగులును.

కొరియావారి గొప్పతనము వారి మిరపపొడిలో లేదు, ఈ ‘ఏదో’ను విడువకుండుటలో ఉన్నది. 1910లో జపానువారు ఆ దేశమును కలుపుకొనగా రాజవంశము పోయెను, వంటశాల చిన్నదయ్యెను. హాన్ హీ సున్ అను వృద్ధ అంతఃపురదాసి ఒక్కతె ఆ విద్యకు చివరి పాత్రగా మిగిలెను. 1940 దశకమున హ్వాంగ్ హే సోంగ్ అను ఉపాధ్యాయిని ఆమె నాశ్రయించి ఏండ్ల తరబడి వెంటనుండి ఒక్కొక్క వంటకమును వ్రాసికొన్నది. 1957లో అది గ్రంథముగా వెలువడెను. 1971 నాటికి రాజభోజనవిద్య దేశపు సాంస్కృతికసంపదలలో ఒకటిగా ప్రభుత్వపు పట్టికకెక్కెను. ఆ దాసియే దానికి మొదటి ఆచార్యురాలు. మఱుసటి సంవత్సరమే ఆమె గతించెను. ఒక్క సంవత్సరము ఆలస్యమైనచో! ఆ నాటకమునకు వంటలు సమకూర్చి పెట్టినది హ్వాంగ్ హే సోంగ్ కుమార్తెయే. పిమ్మట 2013లో కిమ్చి కలుపు కూటములకును, 2024లో సోయాచిక్కుడు జాడీలు పెట్టు ఆచారమునకును యునెస్కోవారి గుర్తింపు లభించెను. మన హైదరాబాదుకును 2019లో యునెస్కో భోజననగరమను బిరుదు వచ్చినది, సంతోషమే. కాని బిరుదు నగరమునకు వచ్చినది, వంటయింటి అవ్వకు రాలేదు.

అంతకంటె పూర్వపు మాట యొకటి మా మనుమరాలు చెప్పినది. అది మమ్ము కొన్నిరాత్రులు నిద్రపోనీయలేదు. 1670 ప్రాంతమున జాంగ్ గే హ్యాంగ్ అను గృహిణి, డెబ్బదియేండ్లు దాటిన వయస్సున, చూపు మందగించియు, తన వంటలను తమ వాడుకలిపిలో వ్రాసిపెట్టెను. నూటనలుబదికి పైగా వంటకములు. పుస్తకము చివర కుమార్తెల కొక హెచ్చరిక చేసెను: కావలసినచో ప్రతి వ్రాసికొని పొండు, ఈ పుస్తకమును మాత్రము అత్తవారింటికి తీసికొనిపోవలదు, చెడకుండ కాపాడుడు అని దాని తాత్పర్యము. మన ప్రక్కనున్న కన్నడమున మూడవ మంగరసు పదునారవ శతాబ్ది ఆరంభముననే సూపశాస్త్రమును పద్యములలో రచించెను. సంస్కృతమున నలుని పేరిట పాకదర్పణము కలదు. ఇవి ప్రభువులును పండితులును వ్రాసినవి. పొయ్యి నూదిన చేయి వ్రాసినది మన యింట ఎచట?

ఇక కళాశాల చదువును విమర్శింపవలె. ఆ విద్యాలయమున కొరియా వంటను చైనా, జపాను, సయాము వంటలతో కలిపి ‘తూర్పుదేశముల వంట’ అను ఒక్క మూటగా కట్టిరి. కిమ్చికి వారిచ్చిన సమయము మూడు గంటల ప్రయోగతరగతి. క్యాబేజీని ఉప్పులో రాత్రియంతయు మ్రగ్గనిచ్చి, కడిగి, నీరు ఓడ్చి, బియ్యపుపిండి గంజిలో మిరపపొడి, అల్లము, వెల్లుల్లి కలిపి ఒక్కొక్క ఆకునకు పూసి, ఒకటి రెండు దినములు బయటనుంచి, పిదప చల్లనిచోట రెండు మూడు వారములు పండనీయవలసిన దానిని, మూడు గంటలలో కలిపి, రుచిచూచి, మార్కులు వేసిరట! అది కిమ్చి కాదు, కారపు కోసంబరి. సోయాచిక్కుడు ముద్దను డబ్బానుండి తీసి వాడిరి. ఉడికిన గింజలను దంచి, ఇటుకలవలె చేసి, వరిగడ్డితో కట్టి వ్రేలాడదీసి ఆరబెట్టి, నెలలకొలది ఉప్పునీట నానవేసి, నీటిని ఒకటిగాను పిప్పిని ఒకటిగాను వేఱుచేయు ఆ సుదీర్ఘకార్యమును పిల్లలు బొమ్మలలో చూచిరి. నాటకములో రాజుగారి జాడీలరుచి చెడినప్పుడు కారణము వెదకుచు పోయి, చుట్టునున్న చెట్లను కొట్టివేయుటయే కారణమని కనుగొన్న భాగమున్నది. అట్టి విద్యను గంట కొట్టి ముగించుట యెట్లు?

అయినను ఆ కళాశాలనుండి మా పిల్ల తెచ్చిన ఒక వస్తువునకు మేము నమస్కరించితిమి. అది ఆమె రికార్డు పుస్తకము. ప్రతి వంటకమునకు ఒక పుట: పదార్థము, తూకము, ధర, ఎంతమందికి, ఎంతసేపు, ఏమి తప్పినది. కొరియా మిరపపొడి ప్రియమగుటచే బ్యాడగి మిరపను గింజలు తీసి బరకగా పొడిచేసి వాడితినని ఒకచోట. రంగు కుదిరినది, వాసన వేఱు అని దాని క్రింద. చేపరసము వేయక, ఎండుపుట్టగొడుగుల నీటితో చేసినది మఱియొకటి. శాకాహారులైన మన సభ్యులకొక సమాచారము: మామూలు కిమ్చిలో చేపరసమో ఉప్పురొయ్యలో సాధారణముగ ఉండును, బౌద్ధమఠముల వంటలో అవి లేవు, వెల్లుల్లి ఉల్లియు లేవు. మనము వాని బదులు ఇంగువ వేయుదుము. వారి నియమమున ఇంగువయు నిషిద్ధమైన ఐదింటిలో ఒకటి!

ఆ పుస్తకమును తిరుగవేయుచుండగా మనుమరాలు అడిగినది: ‘తాతా, అవ్వ పెట్టిన నల్ల ఉసిరికాయ పచ్చడిలో ఉప్పెంత?’

మా యింటిలో ఒక జాడీ కలదు. మా సహధర్మచారిణి గతించుటకు ముందటి సంవత్సరము పెట్టినది. అడుగున నాలుగు వ్రేళ్ళ మందము మిగిలినది. పండుగలనాడు మాత్రమే తీయుదుము. అందులో ఉప్పెంతో మాకు తెలియదు. మెంతులెంతో, ఎన్నాళ్ళు ఎండనిచ్చినదో తెలియదు. ముప్పదినాలుగేండ్లు అణాపైసలవలె ప్రతి రసీదును పద్దులోకెక్కించినవారము. ఇరువదియైదు పైసల తేడాకు రాత్రి పదిగంటలవఱకు కచ్చేరిలో కూర్చున్నవారము. ఇంటికి వచ్చి, పీటపై కూర్చుండి, ‘నీ చేతిలో ఏదో ఉన్నది’ అని తిని లేచితిమి. నలుబదేండ్లలో ఒక్కనాడును కాగితము తీయలేదు. ఆమె దాచలేదు, మేము అడుగలేదు.

ఉసిరికాయల కాలము రాగానే మనుమరాలిని వెంటబెట్టుకొని శ్రీనివాసపురమున నున్న మా మరదలి యింటికి పోయితిమి. అక్కచెల్లెండ్రు ఇద్దరును తమ తల్లియొద్దనే నేర్చిరి. ‘ఉప్పెంతమ్మా?’ అని మేమడుగగా ‘గుప్పెడు బావా’ అన్నది. ‘గుప్పెడనగా?’ ‘గుప్పెడనగా గుప్పెడే!’ మనుమరాలు నవ్వి, సంచినుండి చిన్న త్రాసును తీసి, గుప్పెడు ఉప్పు తీసి అందులో వేయుమన్నది. నలుబది రెండు గ్రాములు. మరల వేయుమన్నది. నలుబది నాలుగు. ఐదుమార్లు వేయించినది, మూడు గ్రాములకు మించిన తేడా రాలేదు. మరదలు తన చేతినే తాను క్రొత్తగా చూచుకొన్నది. మేము అయిదుమార్లు పిడికిలించి వేసితిమి – ముప్పదియొకటి, యేబదియెనిమిది, ఇట్లు. మా చేయి గుమాస్తా చేయి. దానికి కలము బరువే తెలియును.

మధ్యాహ్నమునకు పుట నిండినది. పచ్చడి సంగతి మా చేతివ్రాతతోనే, మా పాత పద్దుపుస్తకములలో మిగిలిన ఖాళీపుటలపై వ్రాసితిమి. మనుమరాలు ప్రతి వ్రాసికొని బెంగుళూరునకు పోయినది. పుస్తకము మా పెట్టెలో ఉన్నది. మెంతుల యెదుట మాత్రము అంకె లేదు. మరదలు రెండు చెంచాలన్నది. ‘అక్క కొంచెము ఎక్కువ వేయును, నాకు చేదు పడదు’ అన్నది. ఆ కొంచెము ఎంతయో తేల్చుటకు జాడీ అడుగున మిగిలినదానిని సంక్రాంతికి మరదలు వచ్చినప్పుడు రుచిచూపవలెనని మనుమరాలు వ్రాసిపోయినది. అంతవరకు ఎవరును దానిని ముట్టరాదట.